లాంగ్జాలో కొన్న రాయి: తెచ్చుకోవడం తప్పా?

లక్డీకాపూల్_బుల్లెట్:
నలుగురం హిమాచల్‌లో స్పితి లోయకి వెళ్ళొచ్చాం. సిమ్లా, కిన్నౌర్ మీదుగా ఎక్కి, కుంజుమ్ కనుమ దాటి, అటల్ టన్నెల్లోంచి మనాలికి దిగాం. పదకొండు రోజులు పట్టింది. టాబో, ధన్‌కర్, కీ, కిబ్బర్ అన్నీ చూశాం. హిక్కిమ్ పోస్టాఫీసు నుంచి అమ్మకి కార్డు రాశా, అది నేను ఇంటికొచ్చిన పన్నెండు రోజులకి వచ్చింది. ఫొటోలు ఇంకోచోట పెడతా, ఇక్కడ ఒక్కటే ప్రశ్న.

లాంగ్జాలో పెద్ద బుద్ధుడి విగ్రహం దగ్గర పదేళ్ళ పిల్ల ఒకతి చున్నీలో రాళ్ళు పెట్టుకుని కూర్చుంది. నల్లటి గుండ్రాయి, సగానికి పగిలి ఉంది, తెరిస్తే లోపల నత్తచుట్ట. 300 అంది, 200కి ఇచ్చింది. రాత్రి కాజాలో హోమ్‌స్టే ఆయన చూసి "ఇది తీసుకుపోవద్దు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు, టీ పోసి వెళ్ళిపోయాడు. నేను తెచ్చేశా. ఇప్పుడు టీవీ పక్కన ఉంది. తప్పు చేశానా?

రాళ్ళమాష్టారు:
చేశారు. కొంచెం పొడుగ్గా చెప్తాను, ఏమీ అనుకోకండి.

అది నత్త కాదు, అమ్మొనైట్. నత్త కంటే ఆక్టోపస్‌కి దగ్గర చుట్టం. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట టెథిస్ అనే సముద్రంలో ఈదేది. మన భారత భూఖండం ఉత్తరానికి జరుగుతూ వెళ్ళి ఆసియాని గుద్దుకుంటే ఆ సముద్రపు అడుగు ముడతలుపడి పైకి లేచింది. ఆ ముడతల్లోనే లాంగ్జా ఉంది, సుమారు 4,400 మీటర్ల ఎత్తున. మీకు దొరికిన నల్ల గుండ్రాయి ఉండే పొరని స్పితి షేల్ అంటారు. 1860ల్లో స్టోలిచ్కా అనే ఆయన, భారత భూగర్భ సర్వే ఉద్యోగి, ఆ కొండల్లో తిరిగి పొరల లెక్క రాశాడు. హిమాలయం సంగతి చదివే ప్రతివాడూ ఈనాటికీ ఆ లెక్క దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఏ పొరలో, ఏ గట్టున దొరికిందో తెలిస్తేనే ఆ రాయికి విలువ. ఏరుకుని చున్నీలో పోసిన క్షణానే అది చిరునామా లేని కవరు అయిపోయింది. మీ టీవీ పక్కన అది ఉత్త అలంకారం.

పద్మజ_రాజమండ్రి:
మాష్టారూ, మా అత్తగారింటి పూజలో సాలగ్రామం ఉంది. నాలుగు తరాలది, నేపాల్లో గండకీ నదిది. అదీ అమ్మొనైటేనని మా అబ్బాయి అంటాడు. మరి మేమూ తప్పు చేసినట్టేనా?

ఇంకో మాట. సాలగ్రామాన్ని కొనకూడదు, అమ్మకూడదు, దానికి వెల కట్టకూడదు. ఇస్తే తీసుకోవాలి. బుల్లెట్ గారు తేవడం తప్పు కాదు నా లెక్కలో. బేరమాడటం తప్పు.

రాళ్ళమాష్టారు:
మీ అబ్బాయి చెప్పింది నిజమే అమ్మా. గండకీ ఎగువన ఉన్నవి కూడా అదే సముద్రపు రాళ్ళు. కానీ నది తనంతట తాను కొండలోంచి కోసి తెచ్చి ఒడ్డున పడేసిన రాయి వేరు, గట్టుని గునపంతో తవ్వి తీసిన రాయి వేరు.

లక్డీకాపూల్_బుల్లెట్:
ఆ పిల్ల గునపంతో తవ్విందని మీకెవరు చెప్పారు సార్? వానకి, మంచుకి జారి పడ్డవి ఏరుకుంది.

నిద్రరాని_నాని:
300 అంటే 200. మనాలిలో పెట్రోలు పోయించుకున్నప్పుడు కూడా బేరమాడావా అన్నా 😄

డల్లాస్_శ్రీను:
ఇక్కడ జాతీయ పార్కుల్లో రాయి తీస్తే ఫైన్ వేస్తారు. అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అని ఉంది, చెట్లు రాళ్ళయిపోయిన చోటు. తీసుకెళ్ళినవాళ్ళు కొందరు తర్వాత మనసొప్పక క్షమాపణ ఉత్తరంతో రాయిని పోస్టులో తిప్పి పంపుతారట. మీరూ హిక్కిమ్‌కి పార్సెల్ చేసేయండి, సింపుల్.

రాళ్ళమాష్టారు:
శ్రీను గారూ, ఆ పార్కువాళ్ళు తిరిగొచ్చిన రాళ్ళని మళ్ళీ నేల మీద పెట్టరు. ఎక్కడివో తెలియదు కాబట్టి ఒక పక్కన కుప్ప పోస్తారు. నేను మొదట్నుంచీ మొత్తుకునేది అదే.

నిద్రరాని_నాని:
మధ్యలో దూరుతున్నందుకు సారీ. జూన్ మొదటి వారంలో కార్లో వెళ్ళచ్చా? చంద్రతాల్ దగ్గర టెంట్లు దొరుకుతాయా? బాత్రూములు ఎలా ఉంటాయి? మా ఆవిడ అడుగుతోంది.

లక్డీకాపూల్_బుల్లెట్:
నాని, కుంజుమ్ ఎప్పుడు తెరుస్తారన్నది ఆ ఏడు పడ్డ మంచుని బట్టి. జూన్ మొదట్లో అనుమానమే. కిన్నౌర్ వైపు నుంచే ఎక్కు, ఎత్తు మెల్లగా పెరుగుతుంది, తలనొప్పి తక్కువ. మనాలి నుంచి నేరుగా ఎక్కినవాళ్ళు మొదటి రాత్రే వాంతులు చేసుకోవడం కళ్ళారా చూశాం. టెంట్లు చెరువు ఒడ్డున వెయ్యనివ్వరు, దూరంగా వేస్తారు. ఒక రోజు ఎక్కువే పెట్టుకో. 2023 జులైలో మంచు పడి అక్కడ దాదాపు మూడొందల మంది ఇరుక్కుపోయారు.

బాత్రూమంటే, ఊళ్ళలో ఎండు దొడ్డి. మిద్దె గదిలో నేలకి కన్నం, కింద ఇంకో గది. పనయ్యాక పారతో మట్టి, బూడిద వెయ్యాలి, అంతే. వాసన రాదు, నిజంగా. ఏడాది తిరిగేసరికి అది ఎరువై బఠాణీ చేలకి పోతుంది. నీళ్ళే లేనిచోట ఫ్లష్ కావాలని గొడవపడే మనవాళ్ళని చూస్తే సిగ్గేసింది.

పాడేరు_కుర్రోడు:
రెండు రోజులుగా చదువుతున్నా. రాయి గురించి ఇంత మాట్లాడారు, ఆ పిల్ల గురించి ఒక్కరూ అడగలేదు. ఆవిడ తన ఊరి కొండ మీది రాయి అమ్ముకుంది. అది తప్పని రిటైరై హైదరాబాద్‌లో కూర్చున్న మాష్టారు తీర్పు చెప్తున్నారు.

మా సంగతి చెప్తా. నవంబరు వస్తే మా వైపు చేలన్నీ వలిసె పూలు, నూనెగింజల పంట. పసుపుపచ్చగా బాగుంటాయి, కాదనను. కార్లు ఆపి, చేలో దిగి, తొక్కుకుంటూ మధ్యకెళ్ళి ఫొటోలు. మా నాన్న గట్టు మీద నిలబడి మనిషికి ఇరవై రూపాయలు అడగడం మొదలుపెట్టాడు. ఒకావిడ కారెక్కుతూ "వీళ్ళు కూడా కమర్షియల్ అయిపోయారు" అంది. ఆ మాట మా నాన్నకి అర్థం కాలేదు, నాకైంది. ఎకరం వలిసె తొక్కేస్తే ఎంత పోతుందో ఆవిడకి తెలుసా?

మీరంతా కొండ ఊరు చూడటానికి వెళ్తారు. ఆ ఊరివాళ్ళు మాత్రం బొమ్మల్లా ఉండాలి. డబ్బు అడగకూడదు, అమ్మకూడదు, మారకూడదు.

రాళ్ళమాష్టారు:
బాబూ, ఆవేశం అర్థమైంది. కానీ పూలు మళ్ళీ ఏడు పూస్తాయి, అమ్మొనైట్ మళ్ళీ పుట్టదు. అమ్ముకోవడం హక్కంటే ఇరవై ఏళ్ళలో ఆ గట్లు ఖాళీ. మన దేశంలో వీటిని కాపాడే ప్రత్యేక చట్టం కూడా సరిగా లేదు. 2022లో గనుల శాఖ ఒక ముసాయిదా పెట్టింది.

పాడేరు_కుర్రోడు:
ఆ ముసాయిదా లాంగ్జా వాళ్ళని అడిగి రాశారా?

డల్లాస్_శ్రీను:
2011 లెక్కల్లో లాహౌల్-స్పితి జిల్లా మొత్తం జనం 31,564. చదరపు కిలోమీటరుకి ఇద్దరు. టన్నెల్ తెరిచాక లాహౌల్ వైపు ఒక్క సెలవు రోజున ఎంతమంది వెళ్తున్నారో ఆలోచించండి. వాళ్ళకి కోటా పెట్టాలి, అంతే.

పాడేరు_కుర్రోడు:
కోటా ఎవరు పెట్టాలి శ్రీను గారూ, డల్లాసా? లాహౌల్‌లో సిస్సు పంచాయతీ తనే పెట్టుకుంది. చలికాలంలో వాళ్ళ దేవుళ్ళ పండుగల రోజులు వస్తే పర్యాటకులు రావద్దని ఆపేసింది. స్పితిలో డేముల్ ఊళ్ళో అతిథుల్ని వంతులవారీగా ఇళ్ళకి పంపుతారు, ఒక్కడే బాగుపడకుండా. వాళ్ళకి తెలివి లేదనుకోవద్దు.

లక్డీకాపూల్_బుల్లెట్:
కరెక్ట్ బ్రదర్. అందుకే నేను కొన్నా.

పద్మజ_రాజమండ్రి:
ఒక్క నిమిషం. "తీసుకుపోవద్దు" అన్న హోమ్‌స్టే ఆయనా అక్కడివాడే కదా? ఊరివాళ్ళ మాటే చెల్లాలంటే ఎవరి మాట చెల్లాలి కుర్రోడు గారూ, ఆయనదా, ఆ పిల్లదా?

పాడేరు_కుర్రోడు:
... అది వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలి. మనం కాదు.

లక్డీకాపూల్_బుల్లెట్:
మాష్టారూ, మీరు స్పితి ఎప్పుడు వెళ్ళారు?

రాళ్ళమాష్టారు:
1984, 1987. అప్పట్లో ఆ లోయని పర్యాటకులకి తెరవలేదు, 1992 దాకా. మేం సర్వే డ్యూటీ మీద వెళ్ళాం.

లక్డీకాపూల్_బుల్లెట్:
సర్కారు జీపులో పోయి సంచుల కొద్దీ తెచ్చారన్నమాట! మీరు తెస్తే సర్వే, నేను ఒక్కటి తెస్తే దొంగతనమా? స్టోలిచ్కా తెస్తే సైన్సు, లాంగ్జా పిల్ల ఏరితే నాశనం!

రాళ్ళమాష్టారు:
సంచుల కొద్దీ అన్న మాట వెనక్కి తీసుకోండి. ప్రతి రాయికీ నంబరు, పొర, తేదీ, కొలతలు రాసి గుడ్డసంచిలో కట్టేవాళ్ళం. రాత్రి కిరసనాయిల్ దీపం కింద, వేళ్ళు కొంకర్లు పోతుంటే రాసేవాళ్ళం. దానికీ బజారు బేరానికీ పోలికేంటి?

పాడేరు_కుర్రోడు:
ఇప్పుడవి ఎక్కడున్నాయి?

రాళ్ళమాష్టారు:
ఆఫీసు సేకరణలోకి వెళ్ళాయి. మీ ప్రశ్నలో వెటకారం నాకు నచ్చలేదు.

పాడేరు_కుర్రోడు:
అన్నీ వెళ్ళాయా? ఒక్కటీ ఇంటికి రాలేదా?

నిద్రరాని_నాని:
ఇద్దరూ కాస్త చల్లబడండి ప్లీజ్. లొల్లి ఎక్కువైంది.

పాడేరు_కుర్రోడు:
ఉన్న సంగతే అడిగా. జవాబు లేదు.

రాళ్ళమాష్టారు:
నిద్ర పట్టలేదు, రాస్తున్నాను.

ఒకే రకంవి ఎక్కువై ఆఫీసుకి అక్కర్లేని రాళ్ళు రెండు చెక్కపెట్టెలు నాకిచ్చారు. అరవై దాకా ఉంటాయి. ఇంట్లో పెట్టుకోలేదు. నేను చదువుకున్న కాలేజీకి ఇచ్చాను, పిల్లలు ముట్టుకుని చూస్తారని. నా చేత్తో రాసిన చీటీలతో సహా. పన్నెండేళ్ళ తర్వాత ఏదో ఫంక్షన్‌కి పిలిస్తే వెళ్ళి అడిగాను. కొత్త బ్లాకు కట్టేటప్పుడు పాత ల్యాబు ఖాళీ చేశారు. పెట్టెలు బీరువాకి అడ్డమని బయట పెట్టారట. అటెండరు చెప్పాడు, "ఆ రాళ్ళా సార్, పునాదిలో కంకరతో పాటు పోసేశారు." కాఫీ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

బుల్లెట్ గారి మీద కోపం కాదు నాది. కొండ మీద ఉన్నంతకాలం రాయి భద్రం. దిగిందంటే, నాలాంటివాడు దించినా సరే, ఏదో ఒక పునాదిలో పోస్తారు. మీ మాటకి జవాబు అది. కుర్రోడు గారూ, మీ నాన్నగారు ఇరవై అడగడంలో తప్పేమీ లేదు. యాభై అడగమనండి.

పాడేరు_కుర్రోడు:
మాష్టారూ, గట్టిగా అడిగాను, సారీ. కానీ ఆ పిల్ల అమ్మడం తప్పని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

రాళ్ళమాష్టారు:
ఒప్పుకోకండి. నేనూ ఒప్పుకోను.

డల్లాస్_శ్రీను:
అయితే తిప్పి పంపాలా, వద్దా? ఎవరూ తేల్చలేదు.

పద్మజ_రాజమండ్రి:
అన్నీ సరే. ఆ వంద సంగతి?

లక్డీకాపూల్_బుల్లెట్:
పద్మజ గారూ, వదలరా! పంపుదామన్నా ఎవరికి పంపను? పేరు కూడా అడగలేదు ఆ పిల్లని. నిన్న హోమ్‌స్టే ఆయనకి ఫోన్ చేశా. ఎందుకు వద్దన్నావని అడిగితే, "ఒకళ్ళు కొంటే మర్నాడు నలుగురు పిల్లలు బడి మానేసి గట్టు మీదుంటారు, మా అన్న కొడుకూ అంతే" అన్నాడు. ఆ రోజు బడి ఉందో లేదో కూడా నేను ఆలోచించలేదు. రాయి ఏం చెయ్యాలో తెలియట్లేదు. టీవీ దగ్గర్నుంచి తీసి బీరువాలో పెట్టా.

రాళ్ళమాష్టారు:
బీరువాలో వద్దు, మర్చిపోతారు. ముందు ఒక చీటీ రాయండి: లాంగ్జా, తేదీ, విగ్రహం నుంచి ఏ దిక్కు వాలులో ఏరిందో ఆ పిల్ల చూపించి ఉంటే అది, కొన్న ధర. రాయికి కట్టి ఉంచండి. రెండు ముక్కలూ తెరిచి పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ జాతో చూస్తాను. పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీయండి, సైజు తెలియాలి.