గార్దీకీ గారడీకీ చుట్టరికం ఉందా?

నిన్న ఒకరు పానిపట్టు యుద్ధంలో మరాఠాల ఫిరంగులు నడిపిన ఇబ్రహీం ఖాన్ గార్దీ పేరు చూసి, ఈ గార్దీ మన గారడీయేనా అని అడిగారు. కాదండీ. గారడీ సంస్కృతంలోని గారుడం నుంచి వచ్చింది, అంటే పాము విషం దింపే మంత్రవిద్య. గార్దీ పద్దెనిమిదో శతాబ్దపు పటాలం మాట: తెల్లవాళ్ల పద్ధతిలో కవాతు నేర్చి, వరసగా నిలబడి తుపాకులు పేల్చే దేశీ సిపాయి.

ఫ్రెంచివాళ్ల ‘గార్ద్’, అంటే కావలి దళం, అందులోంచి పుట్టిందని కొందరంటారు. కాదు, అరబ్బీ ‘గర్బీ’ నుంచి వచ్చింది, పడమటివాళ్లని అర్థం, బెంగాల్ సిపాయిల్ని పూర్బియాలు అన్నట్టే ఇదీ అని ఇంకో వాదం. నా ఓటు మొదటిదానికే, ఎందుకంటే దక్కనులో ఈ మాట గట్టిగా వినపడింది ఫ్రెంచి సేనాని బుస్సీ హైదరాబాదులో ఉన్న రోజుల్లోనే. అన్నట్టు, ఆ పటాలం జీతాలకని 1753లో నిజాం బుస్సీకి రాసిచ్చింది కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) సర్కార్లు, అంటే గార్దీల జీతంలో మన రైతుల శిస్తు ఉంది. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి వచ్చిందీ ఆ బుస్సీ ఫిరంగులే.

ఇబ్రహీం ఖాన్ పని నేర్చింది ఈ బుస్సీ దగ్గరే. నిజాం కొలువులో ఉండి, తర్వాత ఆ నిజాంకి బద్ధశత్రువులైన మరాఠాల తోపుఖానా, అంటే ఫిరంగుల దళం, అధిపతి అయ్యాడు. 1761 జనవరి 14న పానిపట్టులో మరాఠాల తరఫునే పోరాడి, పట్టుబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అవతలి పక్షాన ఉన్న అఫ్గాన్ రాజు అబ్దాలీ మతం పేరు చెప్పి పిలిచినా వెళ్లలేదని చెప్పుకుంటారు. ఇటు నుంచి అటు వెళ్లాడు కాబట్టి ద్రోహి అని కింద ఒకరు రాశారు గానీ, అప్పట్లో ఫిరంగి పని తెలిసినవాడు జీతం ఎక్కడుంటే అక్కడికి వెళ్లడం మామూలే, తెల్ల అధికారులూ అదే చేశారు.

మాటకి చెడ్డపేరు వచ్చింది మాత్రం తర్వాత, పుణేలో. 1773 ఆగస్టు 30న గార్దీలు పీష్వాల కోట శనివారవాడాలో చొరబడి పీష్వా నారాయణరావుని చంపేశారు. వాళ్లకి పంపిన ఆజ్ఞ కాగితంలో ‘ధరావే’, అంటే పట్టుకోండి, అని ఉన్నదాన్ని నారాయణరావు పినతండ్రి భార్య ఆనందీబాయి ‘మారావే’, అంటే చంపండి, అని దిద్దిందని కథ. నిజమో కాదో గానీ ‘ధ’ని ‘మా’ చేయడం అనేది మరాఠీలో సామెతై కూర్చుంది, ఒక్క అక్షరంతో అర్థం తిరగేయడం అన్నమాట. మరాఠీలో గార్దీని గారదీ అంటారు, ఆ మాటకి కిరాయి హంతకుడనే వాసన ఈ సంఘటనతో అంటుకుంది.

ఇంకోటి, గార్దీ అంటే ఫిరంగివాడు అని రాస్తున్నారు, అది సరికాదు. గుండు పేల్చేవాడు గోలందాజు. పారసీలో ‘అందాజ్’ విసిరేవాడు, విలుకాడిని తీరందాజు అన్నట్టే. 1857 తర్వాత ఇంగ్లీషువాళ్లు, కొండ ఫిరంగుల దళాల్లాంటివి కొన్ని తప్ప, తోపుల దగ్గరికి మనవాళ్లని రానివ్వలేదు, ఆ పనితోపాటే మాటా వాడుకలో పలచబడింది. మీ వైపు గోలందాజు అన్న ఇంటిపేరు గానీ వీధి పేరు గానీ విన్నవాళ్లు ఉంటే కింద రాయండి.