అప్‌డేట్: టకోమాకి టైర్ సైజు తేల్చేశాను

3 అంగుళాల లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) వేసిన మా టయోటా టకోమా పికప్ ట్రక్కుకి 285/70ఆర్17 టైరు (285 మి.మీ. వెడల్పు, అందులో 70 శాతం పక్క ఎత్తు, 17 అంగుళాల రిమ్ము) పడుతుందా అని ఇదివరకు ఇక్కడ అడిగాను కదా. చివరికి 17 అంగుళాల రిమ్ములతో 265/70ఆర్17 వేయించాను.

షాపులో 285 టైరు ముందు చక్రానికి బిగించి చూపించారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఆ టైరు వెనకవైపున్న బాడీ మౌంట్‌కి (బాడీని ఫ్రేముకి బిగించే చోటు) రాసుకుంటోంది. మీలో చాలామంది చెప్పింది నిజమే, లిఫ్ట్ బండిని పైకి లేపుతుందే గానీ టైరుకీ మౌంట్‌కీ మధ్య సందును పెద్దగా పెంచదు. మౌంట్ కోయించడానికి నాకు మనసొప్పలేదు. చక్రాన్ని బయటికి జరిపే జీరో ఆఫ్‌సెట్ రిమ్ములూ వద్దనుకున్నాను. చక్రం బయటికి జరిగేకొద్దీ తిప్పినప్పుడు రాపిడి ఇంకా ఎక్కువ.

పాత 265/70ఆర్16 కంటే ఎత్తు ఒక అంగుళం పెరిగింది. మీటర్ 60 చూపిస్తే అసలు వేగం దాదాపు 62 మైళ్లు. స్పేర్ కూడా ఇదే సైజు తీసుకోండి, ఫోర్ వీల్ డ్రైవ్‌లో వేర్వేరు సైజులు నడిపితే డ్రైవ్‌ట్రైన్ (ఇంజిన్ శక్తిని చక్రాలకు అందించే భాగాలు) మీద భారం పడుతుంది.