భావం, భావన ఒకటేనా?

నిన్న మన సాహిత్య బృందంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న రాత్రంతా నన్ను వదల్లేదు. "సమీక్షల్లో ‘భావం బాగుంది’ అని ఒకరు, ‘భావన బాగుంది’ అని ఇంకొకరు రాస్తున్నారు. తేడా ఉందా?" అని. ఉందండీ. ఆ తేడా చెరిగిపోయినందువల్లే మన కవితా సమీక్షలు పలచబడ్డాయని నా నమ్మకం.

‘భూ’ ధాతువుకు ఉండటం, కావడం అని అర్థం. దానికి ప్రేరణార్థం చేరితే ‘భావన’. అంటే ఉండేలా చేయడం. భావం మనసులో పుట్టేది, భావన మనసు చేసే పని.

‘భావన’ అన్న మాట నేను మొదట విన్నది చిత్తూరులో, మా పెద్దనాయన ఇంటి వసారాలో. ఆయన ఆయుర్వేద వైద్యులు. ఎండు ఉసిరి పొడిని కల్వంలో వేసి, అది బాగా తడిసేదాకా పచ్చి ఉసిరికాయల రసం పోసి నూరేవారు. ఆరాక మళ్లీ రసం, మళ్లీ నూరడం. అలా 21 సార్లు. "ఇది ఎన్నో భావన, పెద్దనాయనా?" అని అడిగితే గోడమీది బొగ్గు గీతలు లెక్కపెట్టుకోమనేవారు. ఉసిరి పొడికి ఉసిరి రసమే! బయటి సరుకేదీ కలవలేదు. అయినా చివరి రోజు నాలుక మీద వేసుకుంటే, మొదటి రోజు రుచికీ దానికీ పోలికే ఉండేది కాదు.

కవిత్వంలోనూ జరిగేది అదే. మొన్న ఆదివారం తిరుపతిలో ఒక పుస్తకావిష్కరణ సభ చివర్లో మదనపల్లె వైపు కుర్రవాడొకడు చదివిన పాదాలు:

టమాటా పారబోసిన దారిలో
నాన్న చెప్పులు ఎర్రగా తడిశాయి

తర్వాత మాట్లాడిన పెద్దాయన "రైతు వేదన అనే భావన చక్కగా ఉంది" అన్నారు. రైతు వేదన భావం. అది వార్తలోనూ ఉంటుంది. ధర మాట, అప్పు మాట ఎత్తకుండా చూపును చెప్పుల దాకా దించడం భావన. ఆ ‘ఎర్రగా’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మొదట రసం కనిపించింది, మరుక్షణం నెత్తురు తోచింది. కవి ఆ రెండో మాట అనలేదు. అననందుకు ఆ కుర్రవాడికి చేతులెత్తి నమస్కరించాలనిపించింది. సభలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇది మన జిల్లా మరిచిపోకూడని మాట కూడా. చిత్తూరు కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రకటించి, పింగళి సూరన కావ్యాలను పరిశీలిస్తూ భావనాశక్తికి పెద్దపీట వేశారు. ఆధునిక తెలుగు విమర్శకు ఆ పుస్తకం తొలి మెట్లలో ఒకటి. నూరేళ్లు దాటాక అదే మాటను మనం ‘అన్న భావన కలిగింది’ దగ్గరికి దించేశాం.

‌*స్పందన:* మరి ‘ఊహ’ అంటే సరిపోదా అన్నా? తేలిగ్గా ఉంటుంది.

*జవాబు:* కొంతవరకు సరిపోతుందమ్మా. కానీ ‘వాన వస్తుందని ఊహించాను’ అన్నప్పుడు అది అంచనా. పైగా ఊహ ఒక్కసారి తట్టి పోతుంది. భావనలో మళ్లీ మళ్లీ చేయడం ఉంది. ఇంకో లాభం, ఈ మాట కవికీ చదువరికీ ఇద్దరికీ చెల్లుతుంది. పాతకాలపు సంస్కృత లాక్షణికుడు రాజశేఖరుడు ‘కావ్యమీమాంస’లో విమర్శకుణ్ణి ‘భావకుడు’ అనే అన్నాడు. భావకుల్లో నాలుగు రకాలు చెప్పాడు: ఏదీ రుచించని అరోచకి, గడ్డితో సహా అన్నీ మేసే సతృణాభ్యవహారి, అసూయపడే మత్సరి, తత్త్వం పట్టుకునే తత్త్వాభినివేశి. ఇప్పటి ముందుమాటల్లో రెండో రకం ఎక్కువైంది. ఆ అలవాటు కొత్త కవులకు చేసే చెరుపు తిట్టినదానికన్నా ఎక్కువ. తన కవితలో ఏ పాదం నిలిచిందో, ఏది తాలుగింజో ఆ పిల్లవాడికి ఎప్పటికీ తెలియదు.

వైద్యుల ఇళ్లలో పెరిగినవారు ఇక్కడ ఉంటే ఒక్క మాట చెప్పండి. రసం పోసి నూరడాన్ని మీ ఇంట్లోనూ ‘భావన’ అనే అనేవారా, వేరే తెలుగు మాట ఉండేదా?