ఎస్పరాంటోనా, ఇంగ్లీషా: తెలుగువాడికి ఏది ఎక్కడ పట్టుకుంటుంది?

బెంజిసర్కిల్_చర్చ:
విజయవాడలో డిగ్రీ పిల్లలకి వక్తృత్వ పోటీ పెడుతున్నాం. అంశం, దేశాల మధ్య ఉమ్మడి భాషగా ఎస్పరాంటోనా (అందరికీ ఉమ్మడిగా ఉండాలని కావాలని తయారుచేసిన భాష) ఇంగ్లీషా అని. ఇంగ్లీషు పక్షానికి సరుకు బోలెడుంది. ఎస్పరాంటో పక్షం చేతిలో మాత్రం ‘పదహారే వ్యాకరణ సూత్రాలు, మినహాయింపుల్లేవు’ అనే ఒక్క ముక్కే ఉంది. తెలుగువాడికి ఆ భాష నిజంగా ఎక్కడ తేలిక, ఎక్కడ కష్టం? మూడు వారాల్లో వేదిక మీద నాలుగు వాక్యాలు చెప్పేంత వస్తుందా?

బ్రాడీపేట_వ్యాకరణం:
ముందు ఆ పదహారు సూత్రాల మాట వదిలేయమనండి. 1887లో ఆ భాషని తయారుచేసిన జామెన్‌హోఫ్ వార్సాలో అచ్చేయించిన చిన్న పుస్తకంలోవి అవి. పక్కన సుమారు 900 ధాతువులు, అంటే మాటల మూలాలు, ఇచ్చాడు. విభక్తి అంటే ఏమిటో, విశేషణం అంటే ఏమిటో ముందే తెలిసిన యూరప్ పాఠకుడి కోసం రాసినవి, అందుకే అంత పొట్టిగా ఉన్నాయి.

మనకి కలిసొచ్చేది ప్రశ్నల పట్టిక. ఎప్పుడు–అప్పుడు, ఎక్కడ–అక్కడ, ఎలా–అలా, ఎంత–అంత ఉన్నట్టే అక్కడ కీయమ్–తీయమ్, కీయె–తీయె, కీయెల్–తీయెల్, కీయోమ్–తీయోమ్. మొదటి హల్లు మారిస్తే ప్రశ్న కాస్తా జవాబైపోతుంది. పట్టికలో మొత్తం 45 మాటలు. ఇంగ్లీషు వెన్–దెన్, వేర్–దేర్ దాకా వచ్చి హౌ దగ్గర ఆగిపోయింది.

ద్వితీయా విభక్తి కూడా మన చుట్టమే. హుందో అంటే కుక్క, హుందోన్ అంటే కుక్కను. ఎన్ లా దోమో అంటే ఇంట్లో, ఎన్ లా దోమోన్ అంటే ఇంట్లోకి. (దోమో అంటే ఇల్లండీ, దోమ కాదు.) గుంట కూడా ఇక్కడే ఉంది. ప్రాణం లేనివాటికి మనం ‘ను’ ఎగ్గొట్టి ‘పుస్తకం చదివాను’ అంటాం. ఆ అలవాటుతో ‘మి లేగిస్ లీబ్రో’ అనేస్తారు. లీబ్రోన్ అనాలి. విశేషణం ఇంకో ఉచ్చు. మనకి ‘మంచి’ ఎప్పుడూ మంచే. అక్కడ ఒకటైతే బోనా లీబ్రో, చాలా ఉంటే బోనాయ్ లీబ్రోయ్, వాటిని చదివితే బోనాయ్‌న్ లీబ్రోయ్‌న్. ఈ తోకల దగ్గరే నోరు తిరగదు.

ఉచ్చారణ సంగతి. ‘త్స’ ధ్వని మనకి కొత్తేమీ కాదు, చాప, చుక్క అన్నప్పుడు వచ్చేది అదే. కాకపోతే మన నోట అది అ, ఉ, ఒ ముందే వస్తుంది. ఇ, ఎ ముందు చిలకలో ‘చ’ వస్తుంది. ఎస్పరాంటోలో రెండూ వేర్వేరు అక్షరాలు. వందని త్సెంత్ అనాలి, మనవాళ్లు చెంత్ అంటారు. గదిని చాంబ్రో అనాలి, చిలకలో చ. దాన్నేమో చాపలో చ చేసేస్తారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి రోజూ పలికించండి.

మిర్చియార్డు_కాగితాలు:
వ్యాపారం కోణం వదిలేశారు. గుంటూరు తేజ మిర్చి చైనాకి వెళ్తుంది. అమ్మేవాడిదీ ఇంగ్లీషు కాదు, కొనేవాడిదీ కాదు, కాగితాలు మాత్రం ఇంగ్లీషులోనే. ఎల్‌సీలో (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) సరుకు ‘తొడిమ తీసినది’ అని ఉండి ఇన్వాయిస్‌లో ఇంకోలా పడిందా, బ్యాంకు డిస్క్రిపెన్సీ, అంటే కాగితాల్లో తేడా ఉందని, రాస్తుంది. ఎల్‌సీల అంతర్జాతీయ నియమావళి యూసీపీ 600 ప్రకారం కాగితాలు చూడటానికి బ్యాంకుకి గరిష్ఠం 5 పనిదినాలు. తర్వాత సవరణలు, ఛార్జీలు. ఈలోగా సరుకు రేవుకి చేరినా డబ్బు చేరదు. వ్యాకరణం తేలికా కష్టమా అని ఇక్కడ అడిగే నాథుడు లేడు. ఇంకో తమాషా: ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌లో (సరుకుకి చీడపీడలు లేవనే ధ్రువపత్రం) మిర్చి పేరు కాప్సికమ్ ఆన్యుమ్, అంటే లాటిన్. ఎవరి ఇంట్లోనూ మాట్లాడని భాషకీ ఫారంలో ఒక గడి దొరికింది. ఏ పక్షంవాళ్లయినా వాడుకోండి.

ఏలూరురోడ్డు_రేడియో:
‘విమానాల్లో ఇంగ్లీషే కదా’ అని ఇంగ్లీషు పక్షంవాళ్లు తప్పకుండా అంటారు. గన్నవరంలో దిగే పైలట్ టవర్‌తో మాట్లాడేది మామూలు ఇంగ్లీషు కాదని చెప్పండి. రేడియో గరగరలో కలిసిపోకుండా త్రీని ట్రీ అని, ఫైవ్‌ని ఫైఫ్ అని, నైన్‌ని నైనర్ అని పలకాలని ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) నియమం. ఉమ్మడి వాడకానికి ఇంగ్లీషునీ చెక్కుకోవాల్సి వచ్చింది.

ఎస్పరాంటోని ‘ఐక్యరాజ్యసమితి గుర్తించిన భాష’ అని మాత్రం అననివ్వకండి, దొరికిపోతారు. 1954లో మాంటెవీడియోలో, 1985లో సోఫియాలో యునెస్కో అనుకూల తీర్మానాలు చేసింది, అంతే. ఐరాస అధికార భాషలు ఆరు, అందులో ఇది లేదు. అంతకుముందు 1920ల్లో నానాజాతి సమితిలో దీనికి గట్టిగా అడ్డుపడింది ఫ్రాన్స్. అప్పటి దౌత్య భాష ఫ్రెంచి మరి.

బెంజిసర్కిల్_చర్చ:
ఎప్పుడు–అప్పుడు పట్టిక అదిరింది. ‘ఎవరి సొంత భాషా కాదు కాబట్టి అందరికీ సమానం’ అన్న వాదన నిలబడుతుందా?

బ్రాడీపేట_వ్యాకరణం:
సగమే. ధాతువుల్లో ఎక్కువ భాగం లాటిన్ సంతానం. లీబ్రో ఇటలీవాడికి ఇంట్లో మాటే, మనం మొదటి నుంచీ నేర్చుకోవాలి. అంకెల దగ్గర దు, త్రి, నౌ, దెక్ అంటే కాస్త సంస్కృతం వాసన తగులుతుంది, అంతే. అయితే ఒక్క ధాతువు పట్టుకుంటే గంపెడు మాటలు: లెర్ని నేర్చుకోవడం, లెర్నాంతో నేర్చుకునేవాడు, లెర్నేయో బడి. గ్రాందా పెద్ద, ముందు మాల్ తగిలిస్తే చిన్న.

మూడు వారాలకి రోజూ ముప్పావు గంట పెట్టండి. మొదటి వారం ధ్వనులు, వంద ధాతువులు, ఆస్–ఇస్–ఓస్ అనే మూడు కాలాలు. రెండో వారం పట్టిక, ‘న్’ తోక. మూడో వారం మాల్ లాంటి అతుకులు. ఊనిక ఎప్పుడూ చివరి నుంచి రెండో అచ్చు మీదే. ఫోన్లో టోపీ అక్షరాలు (చాంబ్రోలో చ లాంటివాటికి నెత్తిన గుర్తుతో రాసేవి) లేకపోతే అక్షరం పక్కన ఎక్స్ కొట్టండి, ఆ వాడుక తెలిసినవాళ్లకి అర్థమవుతుంది.

వేదిక మీద ఒక్కటి చూపిస్తే చాలు. ‘కాతో వీదస్ హుందోన్’, ‘హుందోన్ వీదస్ కాతో’. పిల్లి కుక్కను చూస్తోంది, కుక్కను పిల్లి చూస్తోంది. తెలుగులో తిప్పినా చెడదు, ఎస్పరాంటోలో తిప్పినా చెడదు. అదే వాక్యం ఇంగ్లీషులో తిప్పి చెప్పమని అవతలి పక్షాన్ని అడగమనండి, కుక్కే పిల్లిని చూస్తుంది.