డెక్కయా, డెస్సియా? “డిగగ బదులు” పాదం గురించి

సీతమ్మధార: పొడవు కొలతల మార్పిడి మీద ఒక పద్యపాదం చెవిలో తిరుగుతోంది, పూర్తిగా పట్టుబడటం లేదు. “డె– సెంటి మిల్లి డిగగ బదులు”. డె పక్కన అక్షరం జారిపోయింది. డెక్కనా (డెకా), డెస్సినా (డెసీ)? మిగతా పాదాలు ఎవరికైనా నోటికి వస్తాయా?

మద్దిలపాలెం: ముందు నడక చూద్దాం. డెస్సి, సెంటి, మిల్లి మూడూ హగణాలు (గురువు, లఘువు). డిగగ, బదులు రెండూ నగణాలు (మూడు లఘువులు). అయిదూ సూర్యగణాలే కాబట్టి ఆటవెలదిలో రెండో పాదమో నాలుగో పాదమో అవుతుంది. వేమనతో పెరిగిన చెవికి వేరే కొలబద్ద అక్కర్లేదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి, డె–డి. దీన్ని “దిగగ” అని చదివితే దకారానికి డకారంతో యతి చెల్లదు. అందుకే డిగు అనే పాత రూపం పడింది. రాసినవారు చెయ్యి తిరిగినవారే. అయితే డెక్క వేసినా హగణమే, యతీ అదే. రెండో అక్షరం సంగతి ఛందస్సు తేల్చదు.

గాజువాక: ఛందస్సు తేల్చనిది లెక్క తేలుస్తుంది. దిగుతున్నాం కదా. మీటరు కింద పదో వంతు డెసీ, నూరో వంతు సెంటీ, వెయ్యో వంతు మిల్లీ. డెకా మీటరుకు పై మెట్టు, పది మీటర్లు. కనుక డెస్సి. ఆ ఒక్క అక్షరానికి పది రెట్లు తేడా అనుకుంటారు, నిజానికి వంద రెట్లు. మన విశాఖ బీచ్ రోడ్డులో కురుసురా జలాంతర్గామి పొడవు 91.3 మీటర్లు. డెసీమీటర్లలో 913, డెకామీటర్లలో 9.13. గుర్తులు వేసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. డెసీమీటరుకు డీ ఎమ్, డెకామీటరుకు డీ ఏ ఎమ్. నడుమ ఏ ఎగిరిపోయిందంటే 91.3 మీటర్ల ఓడ మీటరు కూడా ఉండదు.

అక్కయ్యపాలెం: ఒప్పుకోను. డెక్క దగ్గర మొదలెట్టి సెంటికి దిగితే తప్పేముంది? 9.13 డెకామీటర్లు సెంటీమీటర్లలో ఎన్ని? డెకా నుంచి మీటరు, మీటరు నుంచి డెసీ, డెసీ నుంచి సెంటీ. మూడు మెట్లు, బిందువు మూడు స్థానాలు కుడికి జరిగి 9130. మధ్య మెట్లు చెప్పకుండా వదిలేసి పిల్లల చేత లెక్కపెట్టించే పాదం ఇది. తప్పులు పుట్టేదీ సరిగ్గా అక్కడే. రోజువారీ వాడుకలో ఉన్నవి నాలుగే: కిలో, మీటరు, సెంటీ, మిల్లీ. వాటి నడుమ ఎడాలు వరసగా మూడు, రెండు, ఒకటి. హెక్టో, డెకా, డెసీ కంటికి కనబడవు కనుక అన్నీ ఒకే ఎడం అనుకుని బిందువు జరిపేస్తారు.

భీమిలి: మీరంతా డె దగ్గరే ఆగిపోయారు. నాకు చిక్కు “బదులు” దగ్గర. చేబదులు అన్నప్పటి బదులే ఇది అనిపిస్తోంది. దిగుతూ ఉంటే ఒక కొలతకు బదులు మరో కొలత. మార్పిడికి ఇంతకన్నా చక్కని మాట ఏముంది?

మద్దిలపాలెం: డిగగన్ ద్రుతాంతం అమ్మా, చివర నకారం ఉంది. దాని మీద పరుషం సరళమైంది, పకారం బకారమైంది. “డిగగఁ బదులు” అంటే పదులు. అచ్చులో అరసున్న రాలిపోయి ఉంటుంది.

భీమిలి: సూత్రం తెలుసు మాస్టారూ. మొదటే “బదులు” అయితే మారడానికి అక్కడ పరుషమే లేదు. రెండు పాఠాలూ ఒకేలా వినిపిస్తాయి. శ్లేష ఎందుకు కాకూడదు?

గాజువాక: పదులే అయితే ఆ బహువచనం చాలా విలువైనది. మెట్టుకో పది. వాటిని కూడకూడదు, గుణించాలి. మూడు మెట్లంటే ముప్పై కాదు, వెయ్యి. 2.5 కిలోమీటర్లు 2,500 మీటర్లు. దిగితే గుణకారం, ఎక్కితే భాగహారం. కొలబద్ద చిన్నదైతే ఎక్కువసార్లు వెయ్యాలి, అందుకే సంఖ్య పెరుగుతుంది. జవాబు సరిచూసుకోవడానికి ఈ ఒక్క ఊహ చాలు. వైశాల్యానికి మెట్టుకి రెండేసి పదులు. చదరపు మీటరంటే 10,000 చదరపు సెంటీమీటర్లు. ఇక్కడ వంద వేసి బోల్తా పడేవాళ్ళే ఎక్కువ.

పూర్ణామార్కెట్: వైశాల్యం మాట వచ్చింది కనుక. హెక్టో మన నోట బతికింది హెక్టారులోనే: వంద మీటర్లకు వంద మీటర్లు, 10,000 చదరపు మీటర్లు. మన సెంటు స్థలం ఎకరంలో నూరో వంతు, 48.4 గజాలు. ఆ గజాలు చదరపు గజాలని ఎవరూ విడమరచరు. సెంటు, సెంటీ రెండూ లాటిన్ నూరు నుంచి వచ్చిన అన్నదమ్ములే.

కంచరపాలెం: అసలు కిటుకు అక్కడే ఉంది. డెకా అన్నా పదే, డెసీ అన్నా పదే. కిలో వెయ్యి, మిల్లీ కూడా వెయ్యే. 1795లో ఫ్రాన్సు వాళ్ళు పై మెట్లకు గ్రీకు మాటలు, కింది మెట్లకు లాటిన్ మాటలు పంచారు. మనం కొట్లాడుతున్న అక్షరంలో క్క గ్రీకు, స్సి లాటిన్. మన దశ కూడా అదే మూలానిది. అందుకే “దశమీటరు” అని తెలుగు చేస్తే పైకో కిందికో తెలియదు.

లాసన్స్‌బే: పద్యం పక్కన పెట్టి బడిలో వల్లెవేసే వరస వినండి. “కిలో హెక్టో డెకా మీటరు, డెసీ సెంటీ మిల్లి మీటరు”. కిలో మూడు మాత్రలు, హెక్టో నాలుగు. డెకా మూడు, మీటరు నాలుగు. రెండో చరణం కూడా మూడు నాలుగు, మూడు నాలుగు. అచ్చంగా ముత్యాలసరం! గురజాడ 1915లో పోయారు, మన మెట్రిక్ చట్టం 1956 నాటిది. ఆయన రాశారనడం లేదు, నడక ఆయనది. ఈ గడ్డ మీద పిల్లల నాలుకకు ఆ మిశ్రగతి ఎంత హాయిగా పలుకుతుందో! డెకాలో దీర్ఘం తీసేస్తే మాత్ర తగ్గి నడక కుంటుతుంది.

మద్దిలపాలెం: మాత్రల్లో ఒదిగిన కిలో గణాల్లో ఒదగదు. లఘువు మీద గురువుతో సూర్యగణమూ మొదలవదు, ఇంద్రగణమూ మొదలవదు. కి ఒక గణం చివర, లో తర్వాతి గణం మొదట పడాలి.

అక్కయ్యపాలెం: అలా విరిచే చూద్దాం. “డెక్క హెక్టొ పై కిలో”. పైకి ఒక హగణం, నాలుగో గణం లో తో మొదలు.

మద్దిలపాలెం: అప్పుడు యతి డె–లో. లడలకు అభేదం చెప్పుకున్నా ఓకారానికి ఎకారంతో స్వరమైత్రి లేదు.

సీతమ్మధార: మీరు విరుస్తుంటే ఇంకో ముక్క తట్టింది. “ఒక కిలోన వేయి యుండు మీటరులని”. ఇదే పద్యానిదేనా?

మద్దిలపాలెం: ఒకకి, లోన, వేయి మూడు సూర్యగణాలు. యుండుమీ, టరులని రెండు ఇంద్రగణాలు. ఒ–ఉ యతి. నికార్సైన మొదటి పాదం!

గాజువాక: మీటరు దాకా వచ్చి ఆగింది. తర్వాతి మెట్టు డెస్సే.

అక్కయ్యపాలెం: కిలో నుంచి బయల్దేరిన పద్యమండీ ఇది. దారిలో ముందు తగిలేది డెక్క.

గాజువాక: దానికన్నా ముందు హెక్టో తగలాలి. అదేదీ?