అమ్మ చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. పండగలకే ఊరెళ్లే నేను ఏడాదంతా ఎలా చూసుకోవాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. సంక్రాంతికి కొవ్వూరు వెళ్లాను. కనుమ నాడు మధ్యాహ్నం అమ్మా నేనూ అరుగు మీద కూర్చుని చెరుకు ముక్కలు నములుతున్నాం. అమ్మ ఊసిన పిప్పి మీద ఎర్రగా కనిపించింది. ఏంటమ్మా అంటే, "ఎప్పుడూ ఉండేదే, కంగారు పడకు" అంది. గుచ్చి గుచ్చి అడిగితే రెండేళ్లుగా ఇంతేనట. రక్తం వస్తోందని బ్రష్ మానేసి, వేలితో పళ్లపొడి రుద్దుకుంటోంది. రెండేళ్లలో ఎన్నిసార్లు వీడియో కాల్ చేశానో, ఒక్కసారి కూడా నాకు తెలియలేదు. అది తలుచుకుంటేనే బాధగా ఉంది.

అమ్మకి 57 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది, బీపీ మాత్ర కూడా వేసుకుంటుంది. ఫోన్ లైటు వేసి నోట్లో చూశాను. కింది ముందు పళ్ల వెనక వైపు పసుపు రంగులో గట్టిగా ఏదో పేరుకుంది. పన్నుకీ పన్నుకీ మధ్య సందు కూడా కనబడటం లేదు. గోటితో గీకితే ఊడలేదు. అక్కడ ఒక పన్ను కదులుతోంది. చిగుళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి.

డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే ససేమిరా అంటోంది. పక్కింటి పిన్నిగారు క్లీనింగ్ చేయించుకున్నాక పళ్లన్నీ వదులైపోయాయని చెప్పారట. షుగర్ ఉన్నవాళ్లకి నోట్లో పుండు పడితే మానదని ఇంకో భయం.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. సంక్రాంతికి, వేసవిలో ఒక వారం, దసరాకి, అంతే ఇంటికి వెళ్లేది. క్లీనింగ్ నిజంగా పళ్లని వదులు చేస్తుందా? నేను దగ్గర లేని రోజుల్లో అమ్మ చేత ఏం చేయించాలి? మా అబ్బాయికి ఆరేళ్లు, వాడి పళ్ల గురించి కూడా ఎవరైనా చెబితే మేలు.

కనిగిరి మాస్టారు:

అమ్మాయ్, నాకు 66 ఏళ్లు. షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. చిగుళ్ల జబ్బుతో ఐదు పళ్లు పోగొట్టుకున్నాను. ఆ ఐదింట్లో ఒక్కటి కూడా పుచ్చిపోలేదు. అన్నీ గట్టి పళ్లే, కింద పట్టు పోయి ఊడాయి. అందుకే నీ పోస్టు చూడగానే రాయాలనిపించింది.

ముందు మీ పిన్నిగారి మాట గురించి. నాకూ క్లీనింగ్ చేయించుకున్న రోజు సాయంత్రం నాలుకతో తడిమితే పళ్ల మధ్య సందులు తగిలాయి, రెండు పళ్లు కదిలినట్టనిపించింది. మర్నాడు డాక్టరమ్మని గట్టిగానే అడిగాను. ఆమె అద్దం చేతికిచ్చి చూపించింది. గార, అంటే పళ్ల మీద పేరుకుని గట్టిపడిన పాచి, పళ్లన్నిటినీ కలిపి సిమెంటు పోసినట్టు పట్టి ఉంచుతుందట. దాని కింద చిగురు జారిపోతూ, ఎముక కరుగుతూ ఉంటుంది. గార తీసేసరికి అప్పటికే వదులైన పన్ను బయటపడుతుంది. క్లీనింగ్ పన్నుని వదులు చేయలేదు, దాగి ఉన్న వదులుని చూపించింది. మీ అమ్మగారికి ఈ మాట ఇలాగే చెప్పు. నాలుగైదు రోజులు చల్లటి నీళ్లకి జివ్వుమంటుందని కూడా ముందే చెప్పు, లేకపోతే అప్పుడు బెదిరిపోతారు.

నువ్వు ఫోన్ లైటులో చూసిన చోటే గార ఎక్కువ పడుతుంది. నాలుక కింద లాలాజలం ఊరే గొట్టాలు సరిగ్గా కింది ముందు పళ్ల వెనక తెరుచుకుంటాయి. ఆ లాలాజలంలోని సున్నం పాచికి పట్టి గట్టిపడుతుంది. పాచిగా ఉన్నంతవరకు బ్రష్‌తో పోతుంది. గార అయ్యాక బ్రష్‌కి, పళ్లపొడికి, ఉప్పుకి, దేనికీ లొంగదు. రక్తం వస్తోందని బ్రష్ ఆపితే పాచి పెరుగుతుంది, చిగురు ఇంకా ఉబ్బుతుంది, ఇంకా రక్తం వస్తుంది. నేనూ ఆ తప్పే చేశాను, మూడేళ్లు. రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా తోమాలి. గార తీయించాక ఇలా తోమితే మొదట్లోనే ఉన్న చిగుళ్ల వాపు రెండు వారాల్లో తగ్గడం మొదలవుతుంది.

ఇంకో మాట, ఇది మా ప్రాంతం వాడిగా చెబుతున్నాను. మా కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1937లోనే, ఇది మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే, మా ఊళ్ల ఫ్లోరైడ్ జబ్బు గురించి వైద్య పత్రికలో రాశారు. తాగే నీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. మా చిన్నప్పుడు తాగింది అంతకంటే ఎక్కువే. నా ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉండేవి. బడిలో పిల్లలు "పళ్లు తోముకోడు" అనేవారు. ఆ మాట పడలేక ఇటుకపొడితో, బొగ్గుతో అరగదీసి అరగదీసి తోమాను. ఆ చార పన్ను తయారయ్యేటప్పుడే లోపల పడింది, పైన రుద్దితే పోయేది కాదు. పోయింది పన్ను పైపొర. యాభై ఏళ్ల తర్వాత కూడా చల్లటి మజ్జిగ ఆ పళ్లకి తగిలితే ప్రాణం లేచొస్తుంది. మీ గోదావరి వాళ్లకి ఈ బాధ లేదు గానీ, పళ్లపొడి గరుగ్గా ఉందేమో వేళ్ల మధ్య నలిపి చూడు. ఇసకలా తగిలితే పారేయించు. వేపపుల్ల మంచిదే, దవడ పళ్ల సందులకీ కింది పళ్ల వెనక్కీ మాత్రం అది చేరదు.

ఏడాదంతా ఎలా అన్నావు. నేను పండగలకి కట్టుకున్నాను, అందుకే మరిచిపోను. ఉగాదికి కొత్త బ్రష్, ఆషాఢంలో ఒకటి, దసరాకి ఒకటి, సంక్రాంతికి ఒకటి. ఇంచుమించు మూడేసి నెలలు పడుతుంది. నువ్వు వెళ్లినప్పుడల్లా రెండు బ్రష్‌లు ఇచ్చి రా. క్లీనింగ్ సంక్రాంతి తర్వాత ఒకసారి, వానాకాలంలో ఒకసారి. వేసవిలో ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు, నిమ్మకాయ సోడా తిన్నాక తాగాక వెంటనే తోముకోవద్దు. పులుపుకి పన్ను పైపొర మెత్తబడి ఉంటుంది. నీళ్లు పుక్కిలించి అరగంట ఆగాలి. శ్రావణం నుంచి కార్తీకం దాకా ఇంట్లో ఏదో ఒక తీపి ఉంటూనే ఉంటుంది. డబ్బా దగ్గరికి పదిసార్లు వెళ్లేకంటే భోజనంతో ఒకేసారి తినడం పళ్లకి నయం, షుగర్‌కి ఎలాగూ కొంచెమే తినాలనుకో. చలికాలం నీళ్లు జివ్వుమంటాయని రాత్రి తోముకోవడం ఎగ్గొట్టేవాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. గోరువెచ్చని నీళ్లు పెట్టుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే రాత్రి తోముడు ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, నోట్లో మిగిలిన మెతుకు రాత్రంతా అక్కడే ఉంటుంది. పళ్ల సందులు వెడల్పైనవాళ్లకి సీసాలు కడిగే బ్రష్‌ని అగ్గిపుల్లంత చేసినట్టుండే సందుల బ్రష్ దొరుకుతుంది. నాకు దవడ పళ్ల దగ్గర ఒక సైజు, ముందు ఇంకో సైజు పడతాయి. మొదటి రోజు అది సందులోంచి బయటికి తీసి వాసన చూశాను. ఇన్నేళ్లూ ఇది నా నోట్లో పెట్టుకుని పిల్లలకి పాఠం చెప్పానా అని ఎంతో బాధ కలిగింది. ఇప్పుడు అది చేయకుండా పడుకోను.

షుగర్ సంగతి. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో నాకు 9.2 ఉండేది. చిగుళ్ల వైద్యం అయ్యాక ఏడాదికి 7.4కి వచ్చింది. అదే ఏడాది మందు కూడా మార్చారు కాబట్టి అంతా పళ్ల పుణ్యమే అనను. షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లలో చీము ఉంటే షుగర్ దిగదు. ఈ రెండూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. మీ అమ్మగారు చిగుళ్ల కోసం కాకపోయినా షుగర్ కోసమైనా ఒప్పుకుంటారేమో చూడు.

పళ్లడాక్టర్ గుంటూరు:

మాస్టారు చాలావరకు చెప్పేశారు, వారికి నమస్కారం. నేను రోజూ ఇదే పని చేస్తాను కాబట్టి మిగిలినవి చెబుతాను.

షుగర్ అదుపులో ఉంటే క్లీనింగ్‌కి ఇబ్బంది లేదు. పుండు మానదన్న భయం మరీ ఎక్కువ షుగర్ ఉన్నప్పటి మాట. ఈ మధ్య చేయించిన షుగర్ రిపోర్టు, వాడే మాత్రల చీటీ వెంట తీసుకెళ్లండి. ఉదయం టైమ్ తీసుకోండి. టిఫిన్ తిని, మాత్ర వేసుకునే వెళ్లాలి. చాలామంది రక్తపరీక్షకి వెళ్లినట్టు పరగడుపున వచ్చి కుర్చీలో కళ్లు తిరిగి పడిపోతారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి.

బీపీ మాత్ర పేరు ఒకసారి చూడండి. అమ్లోడిపిన్ అయితే కొందరికి చిగుళ్లు లావెక్కి పళ్ల మీదికి పెరుగుతాయి. ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్‌తో కూడా అంతే. అదే అయితే బీపీ డాక్టర్‌తో మాట్లాడి మార్చవచ్చేమో అడగండి. అప్పటిదాకా మాత్ర మానొద్దు.

పన్ను కదులుతోందన్నారు కాబట్టి పైపైన క్లీనింగ్ సరిపోకపోవచ్చు. చిగురు కిందికి దిగిన గారని కూడా తీయాలి, దాన్ని డీప్ క్లీనింగ్ అంటాం. నోటిని భాగాలుగా చేసి రెండు మూడు సార్లు రమ్మంటారు. మత్తు ఇచ్చి చేస్తారు, నొప్పి ఉండదు. ఎక్స్‌రే తీస్తే ఎముక ఎంత మిగిలిందో తెలుస్తుంది. కరిగిన ఎముకని చాలావరకు తిరిగి తేలేం, మిగిలింది కాపాడతాం. అందుకే దసరా దాకా ఆగొద్దని చెబుతున్నాను.

మౌత్‌వాష్ రాసిస్తే చెప్పిన రోజులే వాడండి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నవి రెండు వారాలు దాటితే పళ్ల మీద గోధుమ రంగు పడుతుంది, రుచి కూడా మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే కాకుండా అరగంట ఆగి పుక్కిలించాలి.

సిక్కోలు చెల్లి:

ఒక్క మాట. మా నాయనమ్మ చుట్ట కాల్చేది, అదీ నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. మా దగ్గర అడ్డపొగ అంటారు. అంగిట్లో తెల్లగా, గరుకుగా మచ్చ వచ్చింది. పళ్లసెట్టు పెట్టుకునేది కాబట్టి అది రాపిడి అనుకున్నాం. చూసేసరికి ఆలస్యమైంది. అమ్మగారి నోట్లో లైటు వేసినప్పుడు పళ్లే కాదు, అంగిలి, బుగ్గల లోపలి వైపు, నాలుక పక్కలు కూడా చూడండి. మచ్చగానీ పుండుగానీ రెండు వారాలు మానకుండా ఉంటే వెంటనే చూపించండి. చుట్ట, గుట్కా, ఖైనీ ఉన్న ఇళ్లల్లో అయితే ప్రతి నెలా.

ఇద్దరుపిల్లలతల్లి:

మీ అబ్బాయి గురించి నేను చెబుతాను. ఆరేళ్లకి వెనకాల, పాలపళ్ల వరస అయిపోయిన చోట, కొత్తగా ఒక దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. నేను కూడా అది పాలపన్నే, పుచ్చితే ఊడిపోతుందిలే అనుకున్నాను. మా పెద్దదానికి ఎనిమిదేళ్లకే ఆ పన్నుకి రూట్ కెనాల్ అయింది. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను అని డాక్టర్ చెబితే అక్కడే ఏడ్చేశాను. చిన్నవాడికి ఆ పన్ను రాగానే గాడుల్లో సీలెంట్, అంటే పుచ్చు పట్టకుండా గాడుల్ని మూసే పూత, వేయించాను, పది నిమిషాల పని, సూది లేదు.

శనగగింజంత పేస్టు చాలు. ఉమ్మించాక నీళ్లతో మరీ కడిగేయించకండి. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా రాత్రిపూట మీరే తోమండి. నేను వాడి వెనక నిలబడి, తల నా పొట్టకి ఆనించుకుని తోముతాను. అలా అయితే వెనక పళ్లు బాగా కనిపిస్తాయి.

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. దసరా దాకా ఆగలేదు. శివరాత్రికి సెలవు కలుపుకుని వెళ్లాను. మాస్టారి సిమెంటు మాట అమ్మకి అలాగే చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి పిన్నికి కూడా ఈ సంగతి తెలియదు కదే" అంది. ఇద్దర్నీ కలిపే రాజమండ్రి తీసుకెళ్లాను. అమ్మది అమ్లోడిపినే. బీపీ డాక్టర్ మాత్ర మార్చారు. డీప్ క్లీనింగ్ మూడుసార్లు అయింది, మధ్యలో రెండుసార్లు తమ్ముడు తీసుకెళ్లాడు. కదిలే పన్నుని పక్క పళ్లకి సన్నటి తీగతో కలిపి కట్టారు, ఉంటుందో లేదో ఆరు నెలల్లో చెబుతామన్నారు.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టి అమ్మ అక్కడ తోముకుంటుంది, ఇక్కడ నేను బాబుకి తోముతాను. రెండు నిమిషాలు ఇద్దరం మాట్లాడుకోం, తోముతున్న చప్పుడే వినబడుతుంది. నిన్న ఉమ్మేసి, "ఈ వేళ తెల్లగానే ఉందే" అంది.

సందుల బ్రష్ మాత్రం పై దవడ చివరి పన్ను దగ్గరికి అమ్మ చెయ్యి తిరగడం లేదు. మాస్టారూ, మీరు అక్కడికి ఎలా పెడతారో కాస్త చెప్పగలరా?

కనిగిరి మాస్టారు:

నోరు బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని చెయ్యి పోదు తల్లీ. సగమే తెరవమను. బ్రష్ తీగని కొనకి కాస్త ముందు వేలితో వంచి, బుగ్గ వైపు నుంచి పెట్టాలి. మొదట అద్దం ముందు కాకుండా నాలుకతో సందు ఎక్కడుందో తడిమి చూసుకోమను. నాకు వారం పట్టింది.