డిటెక్టివ్ నవలలో మలుపు బాగుండి, మనిషి నమ్మదగినట్టు లేకపోతే?

పర్లాకిమిడి పాఠకుడు:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం వెళ్లినప్పుడల్లా తెలుగు డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని చదవడం మా ఇంట్లో అందరికీ అలవాటు. ఈ మధ్య చదివిన ఒక నవలలో, కథ పొడుగునా రోగులను ఆప్యాయంగా చూసుకున్న కంపౌండరే చివరి అధ్యాయంలో హంతకుడని తేలింది. ఆ క్షణంలో ఉలిక్కిపడిన మాట నిజమే కానీ, అంతటి మనిషి ఆ పని ఎందుకు చేశాడో ఎంత ఆలోచించినా నాకు అందలేదు. ఇలాంటి చోట రచయిత చేయవలసి ఉండి చేయనిది ఏమిటో దయచేసి చెప్పండి.

బరంపురం, విశ్రాంత ఉపాధ్యాయిని:
డిటెక్టివ్ నవలను రెండోసారి చదివితే గానీ దాని మీద నేను అభిప్రాయం చెప్పనండీ. మొదటిసారి ఉత్కంఠే మనల్ని లాక్కుపోతుంది. హంతకుడెవరో తెలిశాక చదివేటప్పుడే అతని మాటలకూ చేతలకూ పొంతన ఉందో లేదో బయటపడుతుంది. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే మతాచార్యుడు 1929లో ఈ తరహా కథలకు పది నియమాలు రాశారు. డిటెక్టివుకు దొరికిన ఆధారాన్ని పాఠకుడికి వెంటనే చూపాలనీ, ముందుగా సూచన ఇవ్వకుండా కవలలను ప్రవేశపెట్టకూడదనీ వాటిలో ఉంది. పాత్ర మనసు విషయంలోనూ పాఠకుడికి అదే న్యాయం జరగాలి. మీ కంపౌండరు ఎక్కడో ఒకచోట అప్పు పుస్తకంలో ఒక పద్దు కొట్టివేసి, సిరా ఆరేదాకా దానికి అరచేయి అడ్డుపెట్టుకుని ఎదుటివారితో నవ్వుతూ మాట్లాడాడనుకోండి. మొదటిసారి అది పేదవాడి బాకీని గుట్టుగా మాఫీ చేసిన మంచితనంలా కనిపిస్తుంది, రెండోసారి ఆ నవ్వు దగ్గరే ఒళ్లు జలదరిస్తుంది.

సిరొంచ, న్యాయవాది:
అమ్మగారి మాటకు నాదొక మాట చేరుస్తాను. పాత్ర నమ్మదగినదిగా ఉండాలంటే దాని చుట్టూ ఉన్న వ్యవస్థ కూడా నిజంగా నడిచే తీరులోనే నడవాలి. చాలా నవలల్లో ఇన్‌స్పెక్టర్ గద్దించగానే నిందితుడు స్టేషన్‌లో నేరం ఒప్పుకుంటాడు, కథ అక్కడితో ముగుస్తుంది. పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా చూపడానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టంలోని 25వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. అయితే కస్టడీలో ఉన్న నిందితుడు చెప్పినదాన్ని బట్టి కత్తో నగో దొరికితే, ఆ దొరికిన సంగతికి సంబంధించినంత మేరకు అతని మాట చెల్లుతుంది. శవం ప్రాణహిత నదిలో ఇవతల మా మహారాష్ట్ర ఒడ్డున తేలి, కత్తి అవతల తెలంగాణ వైపు ఒక ఊరిలో పాతిపెట్టి ఉందనుకోండి. ఆ చోటు చూపించాలా వద్దా అని నిందితుడు పడే ఊగిసలాటలోనే అతని స్వభావమంతా రాయవచ్చు. మా ప్రాంతం నేపథ్యంగా అటువంటి నవల రావాలని నాకు ఎంతో కోరికగా ఉంది.

రాయగడ పాఠకురాలు:
పర్లాకిమిడి వారు తప్పక చదవవలసినది, జపాన్ రచయిత కెయిగో హిగాషినో 2005లో వెలువరించిన నవల. ఇంగ్లీషులో దాని పేరు ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’. హత్య మొదట్లోనే మన కళ్లెదుట జరుగుతుంది, ఎవరు చంపారో ఎందుకు చంపారో అప్పుడే తెలిసిపోతుంది. అయినా పక్కింటి గణిత ఉపాధ్యాయుడు ఆ హత్య చేసిన తల్లీకూతుళ్లను కాపాడటానికి ఎంతదాకా వెళ్లాడో చివర తెలిసినప్పుడు గుండె బరువెక్కుతుంది, ఎందుకంటే ఆ ఒంటరి మనిషి అంతకు తెగించగలవాడని అప్పటికే మనకు నమ్మకం కుదిరి ఉంటుంది. తెలుగులో ఇలా హంతకుడిని మొదటే చూపించి నడిపిన నవలలు ఎవరికైనా తెలిస్తే పేర్లు చెప్పగలరు.